అయ్యవారి పాత కంప్యూటరుకు కొత్త కనెక్షను

తిరుపతి బైరాగిపట్టెడలో మా ఇంటికి నాలుగిళ్ల అవతల ఒక విశ్రాంత ఉపాధ్యాయులు ఉన్నారు. వీధిలో పిన్నా పెద్దా అందరూ ఆయనను అయ్యవారనే పిలుస్తారు. ఆయన 2010లో కొన్న కంప్యూటరు ఇప్పటికీ చక్కగా పనిచేస్తోంది. అందులో విండోస్ 7 ఉంది, మెమరీ రెండు గిగాబైట్లు. పింఛను కాగితాలు, ఏళ్ల తరబడి ఆయన టైపు చేసుకున్న పద్యాల వ్యాఖ్యానాలు, బంధువుల పెళ్లిళ్ల ఫోటోలు అన్నీ అందులోనే ఉన్నాయి. గత నెలలో ఆ ఇంట్లో టెలిఫోను తీగ మీద వచ్చే బ్రాడ్‌బ్యాండు తీసివేసి ఫైబరు వేయించారు. బిగించడానికి వచ్చిన కుర్రవాడు ఇంట్లో ఉన్న సెల్‌ఫోన్లకు వైఫై కలిపి, కంప్యూటరును మాత్రం ఒకసారి చూసి, ఇది పాతది, దీనికి నెట్ రాదు, కొత్తది కొనుక్కోండి అని చెప్పి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం అయ్యవారు నన్ను పిలిచి, "దీన్ని పాత సామాన్ల వాళ్లకు ఇచ్చేయాల్సిందేనా నాయనా?" అని అడిగినప్పుడు నాకు నిజంగా బాధ కలిగింది. నెట్‌వర్కు కార్డు బాగున్న ఏ కంప్యూటరైనా, దాని వయసు ఎంతైనా, ఇంట్లోని బ్రాడ్‌బ్యాండు పెట్టెతో మాట్లాడగలదు. లోపం దాదాపు ఎప్పుడూ అందులో మిగిలిపోయిన పాత అమరికలలో ఉంటుంది.

ఆ అమరికలు ఎందుకు మిగిలిపోతాయో తెలియాలంటే కొంత వెనక్కు వెళ్లాలి. 2005లో బీఎస్ఎన్ఎల్ డేటావన్ పేరుతో టెలిఫోను తీగ మీద బ్రాడ్‌బ్యాండు మొదలైన తరువాత చాలా ఇళ్లలో మోడెం బ్రిడ్జి పద్ధతిలో ఉండేది. అంటే మోడెం కేవలం తీగ మీది సంకేతాలను అటూ ఇటూ అందించేది. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ పంపి కనెక్షను తెరిచే పని కంప్యూటరుదే. ఆ సంభాషణకు పీపీపీఓఈ అని పేరు, దాని నియమావళి 1999లో వెలువడింది. విండోస్ 98లో ఆ సదుపాయం లేదు కాబట్టి కనెక్షను తెరిచే డయలర్ అనే సాఫ్ట్‌వేరును విడిగా ఎక్కించుకోవలసి వచ్చేది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో అది లోపలే ఉంది. అయినా ఆ తరువాత కూడా మోడెంతో పాటు ఒక సీడీ ఇవ్వడం, దానిని ఇన్‌స్టాల్ చేస్తే తప్ప నెట్ రాదని చెప్పడం కొనసాగింది. ఆ సీడీ ఎక్కిస్తే రెండో డయలర్ ఒకటి, బ్రౌజరులో ఒక టూల్‌బార్, కంప్యూటరు తెరవగానే తనంతట తాను మొదలయ్యే ఒకటి రెండు ప్రోగ్రాములు వచ్చి కూర్చునేవి. తక్కువ మెమరీ ఉన్న యంత్రానికి అది అనవసరమైన బరువు. యూఎస్‌బీ తీగతో కలిపే మోడెంకు డ్రైవరు కావాలి కాబట్టి అక్కడ మాత్రమే సీడీకి పని ఉంది. నెట్‌వర్కు కార్డుకు తగిలించే లాన్ తీగతో కలిపే మోడెంకు సీడీని కవరులోంచి తీయవలసిన అవసరమే లేదని నేను ఎవరు అడిగినా గట్టిగా చెబుతాను.

ఈనాటికీ బ్రిడ్జి పద్ధతిలో మోడెం ఉన్నవారు విండోస్ 7లో కంట్రోల్ ప్యానెల్ నుంచి నెట్‌వర్క్ అండ్ షేరింగ్ సెంటర్‌లోకి వెళ్లి, కొత్త కనెక్షను ఏర్పాటు చేసుకునే చోట బ్రాడ్‌బ్యాండ్ పీపీపీఓఈ అన్నది ఎంచుకుని, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ రాస్తే చాలు. ఎక్స్‌పీలో ఇదే పని న్యూ కనెక్షన్ విజార్డ్ చేస్తుంది. అంతకంటే మంచి మార్గం మరొకటి ఉంది. ఆ పేరూ పాస్‌వర్డూ మోడెంలోనే ఎక్కించి, కనెక్షను తెరిచే పని దానికే అప్పగించాలి. అప్పుడు కంప్యూటరు ఒక తీగ తగిలించుకుని కూర్చుంటే సరిపోతుంది.

అయ్యవారి ఇంట్లోని కొత్త ఫైబరు పెట్టె సరిగ్గా ఇలాగే తన కనెక్షను తానే తెరుచుకుంటోంది. కానీ కంప్యూటరుకు ఆ సంగతి తెలియదు. తెరవగానే పాత డయలర్ లేచి, పాత పేరుతో పిలిచి, జవాబు లేక 651 అనే లోపం సంఖ్య చూపుతోంది. అవతల ఆ పిలుపు అందుకునేవారే లేరని దాని అర్థం. ఎక్స్‌పీలో ఇదే సందర్భంలో 678 కనబడుతుంది. ఒకవేళ 691 వస్తే అది వేరే సంగతి: పిలుపు అందింది గాని యూజర్‌నేమో పాస్‌వర్డో ఒప్పలేదు, లేదా అదే పేరుతో మరొక యంత్రం అప్పటికే లోపల ఉంది. ఈ రెండు రకాలకూ తేడా తెలియక, 651 వచ్చినప్పుడల్లా పాస్‌వర్డ్ మార్చుకుంటూ రోజులు గడిపినవారిని నేను చూశాను. నేను ముందుగా ఇంటర్నెట్ ఆప్షన్స్‌లో కనెక్షన్ల పేజీ తెరిచి, ఎప్పుడూ డయల్ చేయవద్దన్న అమరిక పెట్టాను. తరువాత పాత సీడీ ఎక్కించిన ప్రోగ్రామును కంట్రోల్ ప్యానెల్ నుంచి తీసివేశాను. ఆ సంఖ్య మళ్లీ కనబడలేదు.

అయినా పేజీలు తెరుచుకోలేదు. లాన్ కార్డు దీపం వెలుగుతోంది కాబట్టి తీగలో దోషం లేదు. కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ అని కొట్టి చూస్తే 192.168.1.10 అనే చిరునామా కనబడింది. పాత మోడెం రోజులలో ఎవరో దానిని చేతితో రాసి స్థిరపరిచారు. కొత్త పెట్టె చిరునామా 192.168.100.1. ఒకే గదిలో ఉన్నా కంప్యూటరు, పెట్టె వేర్వేరు వీధుల చిరునామాలు పెట్టుకుని ఉన్నాయన్నమాట. లాన్ కార్డు ప్రాపర్టీస్‌లో టీసీపీ ఐపీ నాలుగో వెర్షను దగ్గర చిరునామానూ, సైటు పేరుకు చిరునామా వెతికిపెట్టే డీఎన్ఎస్‌నూ రెండింటినీ తనంతట తాను తీసుకునేలా మార్చాను. ఈ రెండోదానిని మరిచిపోయేవారు ఎక్కువ. చిరునామా సరై, డీఎన్ఎస్ పాతదే ఉండిపోతే పింగ్ 8.8.8.8 అని (అవతలి యంత్రం పలుకుతోందా అని అడిగే ఆదేశం ఇది, ఆ అంకెలు గూగుల్ సర్వరు చిరునామా) కొట్టినప్పుడు జవాబు వస్తుంది గాని, ఏ సైటు పేరు కొట్టినా రాదు. చిరునామా 169.254తో మొదలైతే మాత్రం పెట్టె నుంచి కంప్యూటరుకు ఏమీ అందలేదని గ్రహించి తీగనూ, పెట్టెనూ చూసుకోవాలి.

మూడో అడ్డంకిని గుర్తించడానికి నాకు చాలాసేపు పట్టింది. పింగుకు జవాబు వస్తోంది, పేర్లూ పలుకుతున్నాయి, కానీ ప్రతి సైటూ సురక్షితం కాదన్న హెచ్చరికతో ఆగిపోతోంది. చివరకు తెర మూలన గడియారం చూస్తే అది 2009 జనవరి చూపుతోంది. మదర్‌బోర్డు మీద ఉండే సీఆర్2032 అనే బిళ్ల బ్యాటరీ అయిపోయింది. కరెంటు పోయిన ప్రతిసారీ తేదీ వెనక్కు పోతోంది. సైటు అసలైనదేనని బ్రౌజరుకు చూపే ధ్రువపత్రాలకు ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అన్న గడువు ఉంటుంది కాబట్టి, 2009లో ఉన్న కంప్యూటరుకు నేటి పత్రాలన్నీ ఇంకా పుట్టనివే. ఇంటర్నెట్ ద్వారా గడియారం తానే సరిచేసుకుంటుందని అనుకోవడానికి లేదు, ఎందుకంటే తేడా ఏళ్లలో ఉంటే అది ఒప్పుకోదు. ముందు తేదీని చేతితో సరిచేసి, మరునాడు గాంధీ రోడ్డులో బ్యాటరీ కొని తెచ్చి మార్చాను.

టెలిఫోను తీగ మీదే ఇంకా బ్రాడ్‌బ్యాండు వాడుతున్నవారికి ఒక మాట. కొన్ని సైట్లు తెరుచుకుని కొన్ని సగంలో ఆగిపోతుంటే ఎంటీయూ, అంటే సమాచారాన్ని ఒక్కో పొట్లంగా పంపేటప్పుడు దాని గరిష్ఠ పరిమాణం, చూసుకోవాలి. మామూలు లాన్ మీద ఒక పొట్లంలో 1500 బైట్లు పడతాయి. పీపీపీఓఈ అందులో 8 బైట్లు తనకు వాడుకుంటుంది కాబట్టి 1492 మించకూడదు. ఇక అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానలకు మన జిల్లాలో స్తంభాల మీది కీళ్లలోకి నీరు చేరి, ఫోనులో గరగర వినబడుతూ కనెక్షను తెగుతూ ఉంటుంది. ఆ గరగర వింటూ కూడా సాఫ్ట్‌వేరు తిరిగి ఎక్కించడం వృథా శ్రమ. ఉరుములు వినబడితే కరెంటు ప్లగ్గుతో పాటు ఫోను తీగను కూడా మోడెం నుంచి తీసివేయాలి.

అయ్యవారి యంత్రంలో బ్రౌజరు కూడా పాతదే. విండోస్ 7కు క్రోమ్ 109తో ఆగిపోయింది, ఫైర్‌ఫాక్స్‌లో 115 దీర్ఘకాల వెర్షను వరకు నడుస్తుంది. నేను ఫైర్‌ఫాక్స్ ఎక్కించాను. విండోస్ 7కు మామూలు భద్రతా మార్పులు 2020 జనవరి 14తో ఆగిపోయాయి కాబట్టి, బ్యాంకు పనులు, డబ్బు చెల్లించే పనులు ఇందులో చేయవద్దని ఆయనకు స్పష్టంగా చెప్పాను. తిరుమల ప్రత్యేక ప్రవేశ దర్శనం 300 రూపాయల టికెట్లు కూడా మనుమరాలి ఫోనులోనే తీసుకోమన్నాను. చదువుకోవడానికి, రాసుకోవడానికి, వార్తలు చూడటానికి ఈ కంప్యూటరు చాలు.

పని పూర్తయ్యాక ఒక కాగితం అడిగాను. కొత్త పెట్టె చిరునామా, కనెక్షను యూజర్‌నేమ్, బ్యాటరీ మార్చిన తేదీ, ఏ సంఖ్య వస్తే ఏమి చూడాలో నేను చెబుతుంటే అయ్యవారే తన గుండ్రని దస్తూరిలో రాసుకున్నారు. పాస్‌వర్డ్ మాత్రం రాయనివ్వలేదు. ఆ కాగితం ఇప్పుడు కంప్యూటరు బల్ల పైన ఉన్న అలమర తలుపు లోపలివైపు అంటించి ఉంది.