పాల ప్యాకెట్టు మూల, సాంబారు పొట్లం

2021 అక్టోబరు 2న రాష్ట్రంలో క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) అనే పరిశుభ్రత కార్యక్రమం మొదలయ్యాక తిరుపతిలో తడి చెత్తకు ఆకుపచ్చ, పొడి చెత్తకు నీలం, ప్రమాదకరమైన వాటికి ఎరుపు బుట్ట అన్న సంగతి మా వీధిలో అందరికీ తెలిసింది. అయితే, తెలియడం వేరు, అలవాటు కావడం వేరు.

మొన్న ఉదయం చెత్త బండి దగ్గర అట్టపెట్టెల మధ్య సాంబారు పొట్లం పగిలి ఉండటం చూసి నాకు చాలా బాధ కలిగింది. శుభ్రమైన అట్టను పాత సామాన్ల వ్యాపారి కిలోల లెక్కన కొంటాడు; నూనె పట్టిన అట్టను మాత్రం ముట్టుకోడు, ఎందుకంటే కాగితపు మిల్లులో దానిని నీటిలో నానబెట్టి గుజ్జు చేసినప్పుడు ఆ జిడ్డు నారను వదలక కొత్త కాగితాన్ని కూడా పాడుచేస్తుంది. ఒక్క పొట్లం వల్ల బుట్టెడు అట్ట వృథా అయింది.

వాడిన ప్యాడ్లను, డైపర్లను గట్టిగా చుట్టి ఇవ్వాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు స్పష్టంగా చెప్పాయి. వాటిని మనం చుట్టకుండా కలిపి పడేస్తే ఏరవలసింది ఒక మనిషి చేయి; ఇది నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కలచివేస్తుంది.

ఇప్పుడు మేము నాలుగు ఇళ్లవాళ్లం పాల ప్యాకెట్టు మూలను పూర్తిగా కత్తిరించకుండా, ఆ ముక్క ప్యాకెట్టుకే అంటుకొని ఉండేలా కోస్తున్నాము, ఎందుకంటే విడిపోయిన ఆ చిన్న ముక్క ఎవరి చేతికీ దొరకక కాలువలోకే చేరుతుంది. ఖాళీ ప్యాకెట్లను కడిగి, తీగ మీద ఆరబెట్టి, వారానికొకసారి కట్టగట్టి ఇస్తున్నాము. పూజకు వాడిన పూలను దారం తీసేసి మొక్కల మొదట్లో వేస్తున్నాము. ఎదురింటి అత్తయ్య నిన్నటి నుంచి మాతో చేరారు.