వెంకట్‌కి పేరు పండగ ఎప్పుడు?

చెక్ దేశంలో ఏ ఇంటి గోడమీద క్యాలెండర్ చూసినా తేదీ పక్కన ఒక పేరు అచ్చువేసి ఉంటుంది. మార్చి 7 తొమాష్, మార్చి 19 యోసెఫ్, ఏప్రిల్ 27 యరొస్లవ్, డిసెంబర్ 24 ఆదాము, ఈవ. ఆ రోజు ఆ పేరున్న వాళ్ళందరికీ ‘స్వాతెక్’, అంటే పేరు పండగ. పుట్టినరోజంత పెద్దది కాదు. ఆడవాళ్ళకి పూలు, మగవాళ్ళకి ఓ వైన్ సీసా, పిల్లలకి చాక్లెట్లు. ఈరోజు ఎవరి పండగో పొద్దున్నే రేడియోలో చెబుతారు. పూలకొట్టు ముందు పలకమీద ఆ రోజు పేరు సుద్దతో రాసి పెడతారు. ఆఫీసులో పక్కసీటు వాళ్ళ పుట్టినరోజు తెలియకపోయినా ఫరవాలేదు గానీ, స్వాతెక్ తెలియదంటే కుదరదు. ఎదురుగా గోడమీదే ఉంటుంది కదా.

ఇక్కడ పిల్లల్ని పెంచే మన వాళ్ళ ఇళ్ళలో ఎప్పుడో ఒకరోజు ఈ ప్రశ్న వచ్చి తీరుతుంది. అమ్మా, నాది ఎప్పుడు?

మా అబ్బాయి పేరు వెంకట్. కాలం చేసిన మా మామగారి పేరు. అందుకే ఇంట్లో ఆ పేరుతో ఎవరూ పిలవం. మా అత్తగారు భర్త పేరు నోట పలకరు. మామగారి పేరు పెట్టి కొడుకుని కసరడానికి నాకూ నోరు రాదు. ఇంట్లో వాడు చిన్నబాబు. అసలు పేరుతో పిలిచేది ప్రాగ్‌లో చెక్ వాళ్ళే. మనం రాముణ్ణి రామా అని పిలిచినట్టు చెక్‌లోనూ పిలిచేటప్పుడు పేరు చివర మారుతుంది కాబట్టి టీచర్ వాణ్ణి ‘వెంకతే’ అంటుంది. అత్తగారు మొదటిసారి ఇక్కడికి వచ్చినప్పుడు స్కూలు గేటు దగ్గర ఆ పిలుపు విని, “సగం వెంకటేశ్వరుడు వినబడ్డాడమ్మాయ్” అని దణ్ణం పెట్టుకున్నారు.

పిల్లలు మాత్రం ఇంకా దగ్గర చేసుకున్నారు. చెక్ మగపేర్లలో అన్నిటికన్నా పేరుమోసింది వాత్స్లావ్. మన పేపర్లలో వాక్లావ్ అని రాస్తుంటారు. దానికి ముద్దుపేర్లు వషెక్, వషీక్, వెంత్స. వెంకట్‌కీ వెంత్సకీ స్పెల్లింగులో మొదటి మూడక్షరాలూ ఒకటే. ఇంకేముంది, మావాడు వెంత్స అయిపోయాడు. వాత్స్లావ్‌ల స్వాతెక్ సెప్టెంబర్ 28. అది దేశమంతా సెలవు కూడా. ఓ రోజు వాడు నా దగ్గరకొచ్చి, “నేను కూడా వాత్స్లావ్‌నే అని చెప్పేస్తే ఏమవుతుంది?” అన్నాడు.

తెలిసినవాళ్ళు కొందరు పోనీలే అన్నారు. అమెరికాలో మన పిల్లలు శామ్‌లూ విక్కీలూ అయిపోలేదా అని. నాకు మనసొప్పలేదు. అలాగని ఆ పేరు ఎవరిదో, దాని వెనక ఏముందో పిల్లాడికి చెప్పకుండా వద్దు అనడం కూడా నాకు నచ్చలేదు. అది ఈ దేశం వెయ్యేళ్ళుగా ప్రాణంగా చూసుకుంటున్న పేరు. అందుకని వాడికి చెప్పడం కోసం నేను చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ ఇది ప్రవాసంలో పిల్లల్ని పెంచేవాళ్ళ కథలాగే కనిపించింది.

మొదటి వాత్స్లావ్ పదో శతాబ్దపు బొహీమియా (ఇప్పటి చెక్ దేశంలో పెద్ద భాగం) పాలకుడు. నానమ్మ లుద్మిల క్రైస్తవురాలు. తల్లి ద్రహోమీర పాత దేవుళ్ళను కొలిచిన కుటుంబం నుంచి వచ్చిందని కథలు చెబుతాయి. మనవణ్ణి పెంచింది నానమ్మే. స్లావ్ భాష అక్షరాలు ఆవిడ నేర్పించింది. లాటిన్ నేర్చుకోవడానికి తండ్రి వాణ్ణి ప్రాగ్‌కి దగ్గర్లోని బుదెచ్ అనే కోటకి పంపాడు. ఇంటి భాష ఒకటి, బడి భాష ఒకటి, రెండింటికీ వేరువేరు లిపులు. తండ్రి పోయాక పిల్లాడు ఎవరి చేతుల్లో పెరగాలి, రాజ్యం ఎవరు నడపాలి అని అత్తాకోడళ్ళకి పడలేదు. 921లో తెతీన్ అనే చోట ద్రహోమీర మనుషులు లుద్మిలని గొంతు బిగించి చంపేశారు. మతం కోసమని కథలు, అధికారం కోసమని చరిత్రకారులు అంటారు.

ఇది చెబుతుంటే పిల్లాడికన్నా మా అత్తగారే ఎక్కువ కదిలిపోయారు. “మనవడికి అక్షరాలు నేర్పిన మనిషిని చంపారా?” అని చాలాసేపు అదే మాట. ఆవిడ ఇక్కడికి వచ్చినప్పుడల్లా చేసే పని అదే మరి. మధ్యాహ్నం పూట వాణ్ణి కూర్చోబెట్టుకుని గుణింతాలు దిద్దిస్తారు. సెప్టెంబర్ 16 లుద్మిల స్వాతెక్. ఆ రోజు అత్తగారికి నేనే పూలు తెచ్చి ఇచ్చాను.

వాత్స్లావ్‌ని 935లో (929 అనే వాళ్ళూ ఉన్నారు) సెప్టెంబర్ 28న స్తారా బొలెస్లవ్‌లో చర్చి తలుపు దగ్గర తమ్ముడు బొలెస్లవ్ మనుషులు చంపారు. తమ్ముడు గద్దెనెక్కాడు, అన్న దేశానికి సాధువయ్యాడు. ప్రాగ్ నడిబొడ్డున ఉన్న పెద్ద చౌక్ ఆయన పేరు మీదే. అక్కడ గుర్రమెక్కిన విగ్రహం శిల్పి మిస్ల్‌బెక్ చేసింది. గుర్రం కింద నలుగురు సాధువుల్లో లుద్మిల ఉంది. ఆ విగ్రహం చూడబోయే తెలుగువాళ్ళు నానమ్మని కూడా వెతికి చూడండి.

నన్ను అన్నిటికన్నా పట్టేసుకున్నది మాత్రం ఆ తర్వాతి వాత్స్లావ్. చార్లెస్ బ్రిడ్జి, చార్లెస్ యూనివర్సిటీ అని టూరిస్టులందరూ తలుచుకునే నాలుగో చార్లెస్ చక్రవర్తి పుట్టినప్పుడు చార్లెస్ కాదు. 1316 మేలో పుట్టిన ఆ పిల్లాడికి పెట్టిన పేరు వాత్స్లావ్. ఏడేళ్ళ వయసులో, 1323లో, తండ్రి వాణ్ణి పారిస్‌కి ఫ్రెంచి రాజు దగ్గరకు పంపేశాడు. అక్కడ వాడి పేరు మారింది. మేనత్త భర్త అయిన ఆ రాజు పేరే చార్లెస్, అదే వీడికీ వచ్చింది. తల్లి ఎలిష్క 1330లో చనిపోయింది. అదీ సెప్టెంబర్ 28నే, కొడుక్కి తాను పెట్టుకున్న పేరు పండగ రోజున. ఆ తల్లీ కొడుకూ మళ్ళీ చూసుకోనే లేదు.

1333లో, పదిహేడేళ్ళ వయసులో అతను ప్రాగ్ తిరిగొచ్చాడు. తన చరిత్ర తానే లాటిన్‌లో రాసుకున్నాడు. వచ్చేసరికి తల్లి లేదు, తండ్రి లేడు, తోబుట్టువులు లేరు, తెలిసిన ముఖం ఒక్కటీ లేదని, చెక్ భాష పూర్తిగా మర్చిపోయానని అందులో ఉంది. మళ్ళీ మొదట్నుంచీ నేర్చుకున్నాడు. చివరికి చెక్, ఫ్రెంచి, ఇటాలియన్, జర్మన్, లాటిన్ భాషలు మాట్లాడటం, చదవడం, రాయడం అన్నీ వచ్చని చెప్పుకున్నాడు.

ఇది చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. అప్పటికి మావాడికీ ఏడేళ్ళే. రాజు కొడుకు, చుట్టూ అంతమంది సేవకులున్నవాడు పదేళ్ళలో అమ్మ మాట పూర్తిగా మర్చిపోగలిగాడు. ఇల్లు దాటగానే చెక్, కార్టూన్లు చెక్, ఆటలు చెక్, తమ్ముడితో పోట్లాట కూడా చెక్‌లోనే అయిన పిల్లాడి సంగతి ఏమిటి?

పెద్దయ్యాక వాళ్ళే నేర్చుకుంటారులే అని మనలో చాలామంది అంటుంటారు. చార్లెస్ నేర్చుకున్నాడు నిజమే. కానీ అతనికోసం ఒక రాజ్యం కాచుకుని ఉంది, చెక్ రాకపోతే పని జరగదు. మన పిల్లల కోసం అలా ఏ రాజ్యమూ కాచుకుని లేదు. ఒంగోల్లో ఒక నానమ్మ, వాట్సాప్ కాల్‌లో “ఏం తిన్నావురా” అని అడిగే మేనమామ, అంతే. ఆ నానమ్మ ఉండగానే ఆ మాట రావాలి. తర్వాత వస్తే ఎవరితో మాట్లాడతాడు? నేను ఇంట్లో తెలుగు విషయంలో మొండిగా ఉండటానికి కారణం ఇదొక్కటే. సంస్కృతి, వారసత్వం లాంటి పెద్ద మాటలు నాకు అంతగా అవసరం లేదు.

చార్లెస్‌కి ఆ దెబ్బ జ్ఞాపకం ఉన్నట్టే ఉంది. 1356లో తాను జారీచేసిన ‘బంగారు శాసనం’ (గోల్డెన్ బుల్) అనే చట్టంలో, చక్రవర్తిని ఎన్నుకునే ప్రభువులు తమ కొడుకులకి ఏడో ఏటి నుంచి ఇటాలియన్, స్లావ్ భాషలు నేర్పించాలని, పద్నాలుగేళ్ళు వచ్చేసరికి అవి వచ్చి ఉండాలని రాయించాడు. సరిగ్గా తన నోట్లోంచి చెక్ జారిపోయిన వయసు. చేయించిన కిరీటం కూడా తనదనుకోలేదు, సాధు వాత్స్లావ్‌దే అన్నాడు. ఇప్పటికీ అది ప్రాగ్ కోటలో ఏడు తాళాల తలుపు వెనక ఉంది. ఇక పేరు సంగతి. మొదటి కొడుక్కి వాత్స్లావ్ అని పెట్టాడు. ఆ బిడ్డ పసితనంలోనే పోయాడు. 1361లో మళ్ళీ కొడుకు పుడితే మళ్ళీ వాత్స్లావ్ అనే పెట్టాడు. పరాయి ఊళ్ళో తన దగ్గర్నుంచి పోయిన పేరుని కొడుకులకి ఇచ్చుకున్నాడని నాకు అనిపిస్తుంది.

తాత పేరు మనవడికి పెట్టే ఆనవాయితీ మనకే ఉందనుకునేదాన్ని. నాటకకర్త, తర్వాత దేశాధ్యక్షుడు అయిన వాత్స్లావ్ హావెల్ ఇంట్లో మూడు తరాలదీ ఒకటే పేరు. తాత హావెల్ ఆ పెద్ద చౌక్ పక్కనే లుత్సెర్నా భవనం కట్టించాడు. తండ్రి వాత్స్లావ్ బరాందొవ్ కొండమీద రెస్టారెంట్ కట్టాడు. 1948లో కమ్యూనిస్టులు వచ్చాక ఆస్తులు పోయాయి. డబ్బున్న కుటుంబంలో పుట్టాడని మనవణ్ణి కోరుకున్న చదువుకి రానివ్వలేదు. అతను ల్యాబ్‌లో చిన్న ఉద్యోగం చేస్తూ రాత్రి బడిలో చదివి, నాటకాల స్టేజీమీద సామాను మోసి, తర్వాత తానే నాటకాలు రాశాడు. మనిషి హక్కుల కోసం నిలబడి ఏళ్ళ తరబడి జైల్లో ఉన్నాడు. 1989 నవంబర్లో జనం ఆ వాత్స్లావ్ చౌక్‌లోనే చేతుల్లో తాళాలు గలగలలాడిస్తూ నిలబడ్డారు. డిసెంబర్ 29న హావెల్ అధ్యక్షుడయ్యాడు. మన దేశం 2003 గాంధీ శాంతి బహుమతి ఇచ్చింది ఆయనకే. ఇండియా నుంచి వచ్చే మన వాళ్ళు దిగే విమానాశ్రయానికి 2012 నుంచి ఆయన పేరే. “తాత పేరు పెట్టుకున్నవాడు ఎయిర్‌పోర్ట్‌కి కూడా పేరిచ్చాడు చూశావా” అంటే మావాడు గట్టిగా నవ్వాడు. నాకు మాత్రం ఆ మాట వాడి బుర్రలో ఉండిపోవాలని ఆశ.

ఈ పేరే రష్యాలో వ్యచెస్లావ్, పోలండ్‌లో వాత్స్వాఫ్, జర్మన్లకి వెంజెల్. మన పాత కమ్యూనిస్టు ఇళ్ళలో వినబడే సోవియట్ నాయకుడు మొలొతోవ్ అసలు పేరు వ్యచెస్లావ్. వీళ్ళందరి గురించీ పిల్లాడికి చెప్పలేదు గానీ వాత్స్లావ్ హొల్లార్ గురించి చెప్పాను. 1607లో ప్రాగ్‌లో పుట్టిన చిత్రకారుడు. ఇరవై ఏళ్ళకి ఊరు వదిలి జర్మనీ అంతా తిరిగి, చివరికి లండన్ చేరి, 1677లో అక్కడే పోయాడు. 1666 అగ్నిప్రమాదానికి ముందు లండన్ ఎలా ఉండేదో ఈరోజు మనకి తెలుస్తోందంటే ఆయన చెక్కిన బొమ్మలు పెద్ద ఆధారం. పేరుని లాటిన్‌లోకి మార్చుకున్నా, సంతకం పక్కన ‘బొహీమియావాడు’ అని రాసుకునేవాడు. అది మావాడికి బాగా నచ్చి, డ్రాయింగ్ పుస్తకంలో తన పేరు పక్కన ‘ఒంగోలు’ అని రాసుకున్నాడు. వాడు పుట్టింది ప్రాగ్‌లో. నేను దిద్దలేదు.

స్కూల్లో ఒక సమావేశంలో టీచర్, వెంకట్‌కి మాటలు ఇంకా బాగా రావాలంటే ఇంట్లో కూడా చెక్ మాట్లాడండి అంది. ఆవిడ మంచికే చెప్పింది. నేను బుదెచ్ కథ ఎత్తాను. మీ సాధువు ఇంట్లో ఒక లిపి, బడిలో ఒక లిపి నేర్చుకున్నాడు కదా, మావాడినీ అలాగే పెరగనివ్వండి, చెక్ కోసం మీరు చెప్పినన్ని పుస్తకాలు చదివిస్తాం అన్నాను. ఒప్పుకుందో లేదో గానీ ఆ మాట మళ్ళీ అనలేదు. పుస్తకాల జాబితా మాత్రం పంపింది, అవి చదివిస్తున్నాం.

ఇక స్వాతెక్ సంగతి. పేపర్లలో, రిజిస్టర్లో వెంకట్ వెంకట్‌గానే ఉంటాడు. స్నేహితులు వెంత్స అంటే పలుకుతాడు, అది వాళ్ళ ప్రేమ. సెప్టెంబర్ 28న తన స్నేహితుడు వషెక్ ఇంటికి చాక్లెట్ పట్టుకెళ్తాడు. మరి వాడి రోజు ఏదని అడిగితే దారి చూపించింది అత్తగారే. “వెంకటేశ్వరుడి పేరు పెట్టుకున్నవాడికి వైకుంఠ ఏకాదశిని మించిన రోజేముందిరా నాన్నా” అన్నారు. తిథి ప్రకారం తేదీ మారుతుందంటే క్లాసులో పిల్లలకి వింతగా అనిపించలేదు. ఈస్టర్ కూడా చంద్రుణ్ణి చూసే కదా వస్తుంది. చిక్కల్లా ఒక్కటే. ఇది ఒక్కో ఏడాది రెండుసార్లు వస్తుంది, ఒక్కో ఏడాది అసలు రాదు. 2023లో జనవరి 2న, డిసెంబర్ 23న వచ్చింది. 2024లో రాలేదు. 2025లో మళ్ళీ రెండు. రెండున్న ఏడాది వషెక్ కుళ్ళుకున్నాడట. లేని ఏడాది మావాడు పంచాంగం తెచ్చి నానమ్మ ముందు పెట్టి, “సరిగ్గా చూడు నానమ్మా, ఎక్కడో ఉండే ఉంటుంది” అని తెలుగులోనే దెబ్బలాడాడు.