ఇంటి ముందరే మౌంట్లు, బుష్షులు

ఏసీ వేసి సిగ్నల్ దగ్గర ఆగితే స్టీరింగ్, డ్యాష్‌బోర్డు, పక్క సీట్లో మా బావ, అన్నీ వణికేవి. క్లచ్ వదిలితే కింద టక్‌మని శబ్దం. "ఇంజన్ పోయింది రా" అని బావ తీర్పు చెప్పేసినాడు. ఇంజన్‌కేం కాలేదు, దాన్ని పట్టుకునే మౌంట్లలో రబ్బరు చీలిపోయింది.

అలిపిరి మీదుగా కొండకు తరచూ పోయే బండికి, చక్రాన్ని చట్రానికి కలిపే లోయర్ ఆర్మ్‌లో ఉండే రబ్బరు బుష్షులు అరగడం కూడా వింతేమీ కాదు. దిగే ఘాట్ రోడ్డు 1944 నాటిది. ఆ మలుపుల్లో బ్రేకు తొక్కినప్పుడల్లా భారం వాటి మీదే.

మౌంట్ల పని సులువే. జాకీ మీద వెడల్పాటి చెక్క పెట్టి ఇంజన్ బరువు ఆనించి, ఒకటి బిగించాకే ఇంకోటి ఊడదీయాలి.

బుష్షులే చంపేస్తాయి. మర తిప్పి నొక్కి పట్టే వైస్‌లో ఒకవైపు సాకెట్, ఇంకోవైపు పైపుముక్క పెట్టి తిప్పితేగానీ పాతది కదల్లేదు. కొత్తదానికి మామూలు గ్రీజు వద్దు, రబ్బరు ఉబ్బుతుంది. సబ్బునీళ్లు చాలు.

అసలు కిటుకు బిగింపులో ఉంది. చక్రాలు గాల్లో వేలాడుతుండగా ఆర్మ్ బోల్టులు పూర్తిగా బిగించకూడదు. బండి బరువు నేల మీద పడ్డాకే బిగించాలి. లేదంటే రబ్బరు ఎప్పుడూ మెలితిరిగే ఉండి తొందరగా చిరుగుతుంది. హడావుడిలో మెకానిక్కులు వదిలేసేది ఇదేనని నా అనుమానం.

స్టాండ్లు లేకుండా జాకీని నమ్మి కారు కింద దూరితే బావనైనా కాళ్లు పట్టి బయటికి లాగేస్తా.

వీల్ అలైన్‌మెంట్ మాత్రం ఇంట్లో కాదు. కరకంబాడి రోడ్డులో చేయించినా.