బేత్లెహేము బావి నీళ్లు

బుధవారం.

ఈ ఆదివారం యుద్ధాల్లో ప్రాణాలు పోగొట్టుకున్న సైనికులను తలచుకునే ఆరాధన. క్రమం ఇవాళే ఖాయం కావాలి. పాటలు కుదిరిపోయాయి. మిగిలినవి వాక్య పాఠం, పేర్లు చదవడం, మౌనం, విజ్ఞాపన ప్రార్థన. తేడా కొట్టేదంతా వీటి దగ్గరే.

పాఠం అనగానే అందరికీ ముందు తోచేది యోహాను 15:13. స్నేహితుల కోసం ప్రాణం పెట్టేవాడి ప్రేమను మించినది లేదన్న ఆ వాక్యం ఎన్ని స్మారక స్తంభాల మీద ఉందో! చదవొచ్చు, తప్పు లేదు. కాకపోతే యేసు అది అన్నది సిలువకు ముందు రాత్రి, తన శిష్యులతో. ఆ సందర్భం వదిలేసి చదివితే యుద్ధంలో చనిపోవడమే రక్షణ మార్గం అన్నట్టు వినబడుతుంది. పైగా అందరూ యుద్ధరంగంలోనే చనిపోరు. శిక్షణలో బండి బోల్తా పడి పోయినవాడుంటాడు, ఇంటికొచ్చాక ప్రాణం తీసుకున్నవాడుంటాడు. వాళ్ల తల్లులూ అదే బల్లల మీద కూర్చుని ఉంటారు.

అందుకే 2 సమూయేలు 23:13-17 మేలు. దావీదు అదుల్లాము గుహలో ఉన్నాడు, బేత్లెహేములో ఫిలిష్తీయుల దండు కాపలా కాస్తోంది. ఊరి గుమ్మం దగ్గరి బావి నీళ్లు ఎవరైనా తెచ్చిస్తే బాగుండునని దావీదు నోరుజారాడు. ముగ్గురు బలాఢ్యులు శత్రువుల మధ్య నుంచి చొచ్చుకుపోయి నీళ్లు చేది తెచ్చారు. ఆయన తాగలేదు, యెహోవా సన్నిధిని పారబోశాడు. ప్రాణాలకు తెగించి తెచ్చినవారి రక్తాన్ని నేను తాగుతానా అన్నాడు. అంత కష్టపడి తెస్తే పారబోయడం వాళ్లకు అవమానం కాదా అని బైబిలు తరగతిలో ఎవరో ఒకరు అడిగి తీరుతారు. మంచి ప్రశ్నే. ఆ నీళ్ల ఖరీదు తన దాహానికి మించిపోయిందని ఆయనకు అర్థమైంది, అందుకే దేవునికి అప్పజెప్పాడు. మనకూ రకరకాల దాహాలుంటాయి: మన పక్షమే నెగ్గాలని, ప్రసంగానికి ఊపు రావాలని, పాత కోపం చల్లారాలని. ఆదివారం నోట వచ్చే ప్రతి మాటనూ ఈ గీటురాయి మీదే చూడాలి. చనిపోయినవాణ్ణి దేవుని ముందు ఉంచుతున్నామా, లేక మన దాహానికి వాడుకుంటున్నామా?

పేర్ల సంగతి. చదివేవారు ఒక్కరే ఉండాలి, ముందురోజే గొంతెత్తి ఒకసారి చదువుకోవాలి. ఉచ్చారణ కుటుంబాన్నే అడగాలి, ఊహించి పలకకూడదు. ఒక్కో పేరుకు నాలుగు సెకన్లు ఇస్తే ముప్పై పేర్లకు రెండు నిమిషాలు. అంతకన్నా తొందరపడితే హాజరు పిలిచినట్టుంటుంది. హోదాల వరుసలో కాకుండా అక్షరక్రమంలో చదవడం మంచిది. మొదటి ప్రపంచ యుద్ధంలో పోయిన బ్రిటిష్ సామ్రాజ్య సైనికుల సమాధులు చూసుకోవడానికి 1917లో ఏర్పడిన కమిషన్ కూడా హోదాల తేడా చూపకూడదన్న నియమం పెట్టుకుంది. జనరల్‌కైనా సిపాయికైనా ఒకే కొలత రాయి. కింద కుటుంబం రాయించుకునే మాటకు 66 అక్షరాలు, ఖాళీలతో కలిపి. ఎవరిదో తెలియని శరీరం మీది రాయిపై ‘దేవునికి తెలిసినవాడు’ అని ఉంటుంది. ఆ మాట ఎంచింది ఆంగ్ల రచయిత రడ్యార్డ్ కిప్లింగ్. ఆయన కొడుకు 1915లో ఫ్రాన్సులోని లూస్ దగ్గర జరిగిన యుద్ధంలో కనబడకుండా పోయాడు. మన జాబితా చివర కూడా పేరు తెలియనివారి కోసం ఒక వాక్యం ఉండాలి.

మౌనం రెండు నిమిషాలు. 1918 నవంబరు 11న ఉదయం 11 గంటలకు కాల్పులు ఆగాయి, మరుసటి ఏడాది అదే గంటకు బ్రిటిష్ సామ్రాజ్యమంతటా రెండు నిమిషాలు ఆగి నిలబడ్డారు. ఆచారం అంతటా పాకింది అప్పటి నుంచే. నిలబడి చూస్తే రెండు నిమిషాలు చాలా పొడుగు. నడిపించేవారికి నలభయ్యో సెకనుకే చాలనిపిస్తుంది, గొంతు సవరించుకుంటారు, అంతే, పోయింది. సెకన్ల ముల్లున్న గడియారం వేరొకరి చేతిలో పెట్టాలి. కీబోర్డు వద్దు, మైకు కట్టేయాలి. ఎప్పుడు మొదలవుతుందో, ఏ మాటతో ముగుస్తుందో ముందే చెప్పాలి, లేకపోతే జనం మౌనంగా ఉండరు, అయోమయంగా ఉంటారు. పసిపిల్ల ఏడిస్తే ఏడవనివ్వండి, తల్లిని బయటికి పంపే పని పెట్టుకోవద్దు.

ఇక ప్రార్థన. నాలుగు నిమిషాలు మించకుండా, రాసుకుని చేయాలి. అప్పటికప్పుడు చేస్తే మాట విజయం వైపు జారుతుంది. పోయినవారి కోసం కృతజ్ఞత, తర్వాత వారి కుటుంబాలు, ఆ తర్వాత శరీరానో మనసులోనో గాయాలతో బతుకుతున్నవారు. చంపాల్సి వచ్చి ఆ భారం మోస్తున్నవారు కూడా. వీరిని దాదాపు అందరూ మరచిపోతారు. అటుపైన శత్రువు. శత్రువులను ప్రేమించి వారి కోసం ప్రార్థించమన్న మత్తయి 5:44ను దాటవేయడానికి ఏ సాకూ కుదరదు. 1940 నవంబరు 14 రాత్రి బాంబుల దాడిలో ఇంగ్లండులోని కొవెంట్రీ కథీడ్రల్ కాలిపోయింది. ఆ శిథిలాల్లో దొరికిన పాత పైకప్పు మేకులు మూడింటితో సిలువ చేశారు. ఆ క్రిస్మస్ నాడే, యుద్ధం ఇంకా సాగుతుండగానే, అక్కడి పెద్ద రిచర్డ్ హోవర్డ్ ప్రతీకారపు ఆలోచన వదిలేద్దామని రేడియోలో చెప్పారు. యుద్ధం ముగిశాక చెప్పడం తేలిక, యుద్ధం మధ్యలో కాదు.

చివర శాంతి కోసం. ‘లోకమంతా శాంతి కలుగజేయుము’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఎవరి మనసూ ఎక్కడా ఆగదు. అడగాల్సినవి విడమరచి అడగాలి. కాల్పుల విరమణ నిలవాలని, ఖైదీల మార్పిడి జరగాలని, మృతదేహాలు ఇళ్లకు చేరాలని, పొలాల్లో పాతిన మందుపాతరలు తీసేవాళ్ల చేతులు వణకకూడదని, చర్చల బల్ల దగ్గర కూర్చున్నవారు లేచిపోకూడదని. 1 తిమోతి 2:2 ప్రకారం పాలకులు కూడా ఇక్కడే వస్తారు, మన పాలకులే కాదు.

మాజీ సైనికులను లేచి నిలబడమని అనకూడదు. చప్పట్లు అసలే వద్దు. పేరు చదవబోతున్న ప్రతి కుటుంబానికి రేపే ఫోన్ చేయాలి. వద్దంటే ఆ పేరు తీసేయాలి, కారణం అడగకుండా.