బఠాణీ గింజంత

"ఏం నాయనా, అమ్మవారు పోసిందా?"

చేతిలో ఆధార్ కార్డు పట్టుకొని కౌంటరు ముందు నిలబడిన పెద్దావిడ అడిగిన మాట. ఏప్రిల్ నెల, పొద్దున ఆరున్నర. రైలు దిగి నేరుగా తిరుపతిలో మా లాడ్జికే వచ్చినట్టున్నారు. నేను రిజిస్టరులోంచి తలెత్తగానే ఆమె మనవడిని ఒకడుగు వెనక్కి లాక్కుంది. "కాదమ్మా, మొటిమలకి మందు పూస్తా ఉండా, దానివల్ల ఇట్లయింది" అన్నాను.

"మందు పూస్తే తగ్గాల గదా?"

ఆమె అడిగినదాంట్లో తప్పేం లేదు. జెల్ మొదలుపెట్టి అది పద్దెనిమిదో రోజు. పొద్దున అద్దం ముందు నన్ను నేను అడుక్కున్నదీ అదే.

కథ అంతకు ముందు జూన్‌లో మొదలైంది. ఇంటర్ నుంచీ నాకు మొటిమలు. ఇరవై ఆరేళ్ళొచ్చినా వదల్లేదు. మా అవ్వ లెక్కలో మొటిమలకీ, నోటిపూతకీ, కళ్ళమంటకీ, ఆఖరికి నేను డిగ్రీలో సబ్జెక్టు పోగొట్టుకున్నదానికీ ఒంట్లో వేడే కారణం. రాగి అంబలి తాగించింది, సబ్జా గింజలు నానబెట్టి తాగించింది. వాటివల్ల నష్టమేం లేదు, ఎండాకాలం హాయిగా కూడా ఉంటుంది. నిమ్మరసంలో పసుపు కలిపి పూసిన రోజు మాత్రం రాత్రంతా ఫ్యాను కింద మొహం పెట్టుకొని కూర్చున్నాను.

చిన్నాన్న కూతురి పెళ్ళి దగ్గర పడింది. మందుల అంగడికి పోయి "అన్నా, మొహానికి ఏమన్నా ఇవ్వు" అన్నా. చీటీ ఏదీ అని అడగలేదు. ఒక ట్యూబు తీసి చేతిలో పెట్టి, "రాత్రి పూసుకో, నాలుగు రోజుల్లో చూడు" అన్నాడు.

నాలుగు రోజులు కూడా పట్టలేదు. మూడో రోజుకి ఎర్రదనం పోయింది, వారానికి మొహం తేటబడింది. పెళ్ళిలో మేనత్త పక్కకి పిలిచి మరీ "ఒరే, ఏం పూస్తా ఉండావురా?" అని అడిగితే పెద్ద ఘనకార్యం చేసినట్టు ట్యూబు పేరు చెప్పాను. (తరవాత ఆమె చేత అది మానిపించడానికి మూడుసార్లు ఫోన్ చేయాల్సి వచ్చింది.)

అట్లా ఎనిమిది నెలలు పూశాను. మధ్యలో ఆపితే రెండో రోజుకే మొహం మండేది, చిన్న చిన్న పొక్కులు గుంపుగా లేచేవి. మళ్ళీ పూస్తే అణిగేవి. చూశావా, మందు ఎంత బాగా పనిచేస్తోందో అనుకునేవాణ్ణి! ఫిబ్రవరికి బుగ్గల మీద దారప్పోగుల్లాంటి ఎర్ర నరాలు తేలాయి. కళ్ళ కింద దాకా నూగు వెంట్రుకలు వచ్చాయి. బండి మీద అన్నమయ్య సర్కిల్ సిగ్నల్ దగ్గర రెండు నిమిషాలు ఎండలో ఆగితే మొహాన మిరపకాయ రుద్దినట్టుండేది.

బాలాజీ కాలనీ వైపు ఒక చర్మం డాక్టరమ్మ ఉంటే అక్కడికి పోయాను. పూస్తున్న ట్యూబు కూడా జేబులో వేసుకొని పోవడం నేను చేసిన ఒక్క మంచి పని. ఆమె నా మొహం కంటే ముందు దాన్నే చూసింది. వెనక చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్నది నా చేతే చదివించింది. హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మొమెటాసోన్.

"మూడోది స్టెరాయిడ్. మూడు రోజుల్లో తగ్గించింది అదే, నీ చర్మాన్ని ఇట్ల పలచన చేసిందీ అదే. మధ్యలో ఉండేది మాత్రం మంచిదబ్బా. మొటిమలకి అసలు వైద్యం ఆ జాతి మందులే. ఈ ట్యూబులో దానికి సహవాసం బాగలేదు."

ఇట్లాంటి స్టెరాయిడ్ పూతమందులు పద్నాలుగింటిని 2018లోనే కేంద్ర ప్రభుత్వం షెడ్యూల్ హెచ్‌లో పెట్టిందట. అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. ట్యూబు మీద ఎర్ర గీత కూడా ఉంది. ఎనిమిది నెలలు రోజూ చేత్తో పట్టుకున్నాను, ఆ గీత ఎందుకుందని ఒక్కరోజూ ఆలోచించలేదు.

వెంటనే ఆ జాతి మందు ఇవ్వలేదు. చర్మం ముందు కుదురుకోవాలంది. ఆరు వారాల పాటు వాసన లేని మాయిశ్చరైజరు, సన్‌స్క్రీను, డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మాత్ర, ఇంతే. మాత్రని అన్నం తిన్నాక నిండు గ్లాసుడు నీళ్ళతో వేసుకోవాలి, వేసుకోగానే పడుకోకూడదు, గొంతులో అంటుకొని పుండు పడుతుందని చెప్పింది. ఆ ఆరు వారాల గురించి ఎక్కువ రాయబుద్ధి కావడం లేదు. స్టెరాయిడ్ మానినందుకు మొహం తన కోపమంతా తీర్చుకుంది. నైట్ డ్యూటీలు అడిగి మరీ వేయించుకున్నాను.

మార్చి నెలాఖరుకి చీటీ మీద కొత్త పేరు పడింది. అడాపలీన్ 0.1 శాతం జెల్, పదిహేను గ్రాముల ట్యూబు. విటమిన్ ఏ కి దగ్గరి చుట్టాలైన మందుల్ని రెటినాయిడ్లంటారు. ట్రెటినాయిన్ వాళ్ళింట్లో పెద్దన్న, అమెరికాలో 1971లో అనుమతి వచ్చింది. అడాపలీన్ తమ్ముడు, 1996 నాటిది. తమ్ముడు కాస్త నెమ్మదస్తుడు, మంట తక్కువ, వెలుతురుకి అంత తొందరగా చెడడు. డల్లాస్‌లో ఉన్న మా పెదనాన్న కొడుక్కి చెబితే, "ఓస్ అదా, ఇక్కడ 2016 నుంచి చీటీ లేకుండానే అమ్ముతారు" అన్నాడు. అక్కడ స్టెరాయిడ్ లేనిది చీటీ లేకుండా దొరికితే, ఇక్కడ నాకు స్టెరాయిడ్ ఉన్నది చీటీ లేకుండా దొరికింది.

"బఠాణీ గింజంత తీసుకో. మొహం మొత్తానికి అంతే" అని డాక్టరమ్మ చెప్పింది. ఇంటికొచ్చి ఈ మాట చెప్పడం పొరపాటయింది. ఏ బఠాణీ అని మా అమ్మ. అంగట్లో దొరికే ఎండు బఠాణీనా, నానబెట్టిందా, పచ్చిదా? అవ్వ డబ్బాలోంచి ఒక ఎండు గింజ తీసుకొచ్చి ట్యూబు పక్కన పెట్టింది. నెలరోజులు ఆ గింజ నా సబ్బుపెట్టె పక్కనే ఉంది. దాన్ని చూసి కొలుచుకొని, నుదుటికొక చుక్క, బుగ్గలకి రెండు, ముక్కుకొకటి, గడ్డానికొకటి పెట్టుకొని పల్చగా సర్దేవాణ్ణి. మొహం కడిగాక తడి పూర్తిగా ఆరడానికి ఇరవై నిమిషాలు ఆగాలి. తడి మీద పూస్తే మంట ఎక్కువ. కంటి చుట్టూ, ముక్కు మూలలు, పెదవుల చివరలు వదిలెయ్యాలి. మొదట వారానికి రెండు రాత్రులే, ఓర్చుకోగలిగితే రోజు మార్చి రోజు, ఆ తరవాత రోజూ.

మొటిమ ఉన్నచోట మాత్రమే ఎందుకు పూయకూడదని డాక్టరమ్మని అడిగాను. మొటిమ పైకి కనిపించేది ఆఖర్న అంది. వెంట్రుక కుదురు లోపల చచ్చిన కణాలు జిడ్డుతో కలిసి బిరడాలాగా బిగుసుకోవడం వారాల ముందే మొదలవుతుందట. ఈ మందు చేసే పని ఆ బిరడా బిగుసుకోకుండా చూడటం. ఎక్కడ బిగుసుకుంటోందో పైనుంచి తెలీదు కాబట్టి అంతటా పూయాలి. లోపల అప్పటికే తయారై ఉన్నవి మొదటి వారాల్లో ఒక్కసారిగా పైకి తోసుకొస్తాయి కూడా. "నెల దాకా తిట్టుకుంటావు. రెండు నెలలకి కొంచెం, మూడు నెలలకి తేడా తెలుస్తుంది. మధ్యలో మానేస్తే మళ్ళీ మొదటికే" అంది.

చెప్పి చేసినా మొహం మీదికి వచ్చినప్పుడు మాత్రం తట్టుకోవడం కష్టం. రెండో వారం నోటి పక్కన చర్మం ఉల్లిపొరలాగా లేచింది. ఎర్రకారం దోసె తింటే పెదవి మూలల్లో నిప్పు. సీమలో పుట్టి చట్నీకి భయపడే పరిస్థితి వచ్చింది. మూడో వారంలో గడ్డం నిండా పొక్కులు. ఆ పెద్దావిడ మనవణ్ణి వెనక్కి లాగింది అప్పుడే.

అన్నిటికంటే మరిచిపోలేనిది మంగలి అంగడి. కొర్లగుంటలో నేను ఎప్పుడూ పోయే చోటే. గడ్డం గీయడం నెమ్మదిగానే చేశాడు పాపం, "ఏమన్నా, తోలు ఇట్ల లేస్తాంది" అని జాలిపడ్డాడు కూడా. నేను కళ్ళు మూసుకొని ఉన్నా. అలవాటు ప్రకారం పటిక రాయి నీళ్ళలో ముంచి రెండు బుగ్గలకీ ఒక్క రుద్దు రుద్దాడు. కుర్చీలోంచి లేచాననుకుంటా, నాకు గుర్తులేదు. గుర్తున్నదల్లా బయట కుళాయి కింద తల పెట్టి నిలబడటం, వరుసలో కూర్చున్న ముసలాయన "వాడికి దయ్యం పట్టిందేమో చూడండ్రా" అనడం.

ఆ రాత్రి జెల్ పూయలేదు. ఆ మరుసటి రాత్రీ పూయలేదు. అలమరలో పాత ట్యూబు ఇంకా సగం ఉంది, పారెయ్యలేదు. మూడు రోజులు చాలు, మళ్ళీ తేటగా కౌంటరులో కూర్చోవచ్చు. మూత కూడా తీశాను. అప్పుడు ఆ వాసనకి ఫిబ్రవరి సిగ్నల్ దగ్గరి మంట గుర్తొచ్చింది. మూత పెట్టి, లాడ్జికి తీసుకుపోయి అక్కడి చెత్తబుట్టలో వేశాను. ఇంట్లో వేస్తే తెల్లారేలోపు మళ్ళీ తీసుకుంటానని భయం.

డాక్టరమ్మకి ఫోన్ చేస్తే నాలుగు రోజులు ఆపమంది. తరవాత పద్ధతి మార్చింది: ముందు మాయిశ్చరైజరు, దాని మీద జెల్, దాని మీద మళ్ళీ మాయిశ్చరైజరు. ముక్కు మూలలకీ నోటి చివరలకీ కాస్త వాజిలిన్. దాంతో మంట సగానికి పడిపోయింది. మొదటి రోజే ఇట్లా చెప్పుంటే ఆ పటిక కూడా ఇంత మండేది కాదేమో అని ఇప్పటికీ అనుకుంటా.

పగటి పూట సన్‌స్క్రీను, ఎస్పీఎఫ్ ముప్పైకి తగ్గకూడదు. తిరుపతిలో ఏప్రిల్ నెలలో అది పూసుకొని తిరగడం ఏందో తిరిగినోళ్ళకే తెలుసు. అలిపిరి దాకా బండి మీద పోయేసరికి చెమటతో కలిసి కళ్ళలోకి దిగుతుంది. రూమ్ బాయ్ నా తెల్ల మొహం చూసి, "అన్నా, గంగమ్మ జాతర ఇంకా నెల ఉంటే నువ్వు అప్పుడే బైరాగి వేషం కట్టినావే" అన్నాడు.

వాడన్నాక గుర్తొచ్చింది, ఆ ఏడు నాకు మొక్కు ఉంది. తాతయ్యగుంట గంగమ్మకి మా అమ్మ మొక్కింది, కొడుకు వేషం కడతాడని. బైరాగి వేషానికి నామకొమ్ము (తెల్ల సుద్ద), బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు, దొర వేషానికి గంధం. ఏది కట్టినా మొహానికి పూయాల్సిందే. ఏడు వారాల జెల్ తిన్న చర్మం మీద కుంకుమా బొగ్గూ ఎట్లా? డాక్టరమ్మ వద్దని అనలేదు, ఆమెదీ ఈ ఊరే. వారం ముందు నుంచి జెల్ ఆపు, గంధమైతే కొంత నయం, వాజిలిన్ మందంగా పూసి దాని మీద పెట్టుకో, వచ్చిన వెంటనే కడుక్కో, రుద్దొద్దు అంది. మా అమ్మ మాత్రం దేవతతో నేరుగా బేరం మాట్లాడుకుంది. "తల్లీ, వేషం అని మొక్కినా గానీ, మొహమంతా అని మొక్కలేదు." ఒంటికి నిండా, మొహానికి నుదుటి మీద మూడు వేళ్ళంత గంధంతో మొక్కు తీరింది. గంగమ్మ ఏమీ అనుకున్నట్టు లేదు.

జూన్ మూడో వారంలో ఒక రోజు రాత్రి మొహం కడుక్కుంటుంటే చేతికి ఏమీ తగల్లేదు. గడ్డం కింద ఎప్పుడూ వేలికి గింజల్లాగా తగిలేవి లేవు. అద్దంలో చూస్తే నల్ల మచ్చలు అట్లనే ఉన్నాయి, కొత్త పొక్కు మాత్రం లేదు. లైటు వేసి మళ్ళీ చూశాను. పన్నెండో వారం అది.

మచ్చలు పలచబడటానికి ఇంకో ఆరు నెలలు పట్టింది. గుంతలు పోలేదు. పాత మొటిమల గుంతల్ని ఈ జెల్ పూడ్చలేదు, దానికి వేరే వైద్యాలున్నాయి, నా జీతానికి ఇప్పుడప్పుడే అందవు. ఎర్ర నరాలు కొన్ని ఉండిపోయాయి. జెల్ మాత్రం ఇప్పటికీ పూస్తున్నా, వారానికి మూడు రాత్రులు. బాగయ్యాక కూడా కొంతకాలం మానకూడదంట.

మా వదిన నా మొహం చూసి ట్యూబు అడిగింది. ఇవ్వలేదు. ఆమె మీద కోపం కాదు, వాళ్ళు బిడ్డ కోసం చూస్తున్నారు. గర్భం వచ్చినా, రావాలనుకుంటున్నా ఈ జాతి మందులు పూయకూడదని డాక్టరమ్మ మొదటి రోజే చెప్పింది. ఇదే జాతిలో ఐసోట్రెటినాయిన్ అని మింగే మాత్ర ఉంది, దానివల్ల పుట్టే బిడ్డకి లోపాలొస్తాయట. వదినకి ఇదంతా చెబితే రెండు రోజులు మాట్లాడలేదు, మూడో రోజు ఆ డాక్టరమ్మ ఫోన్ నంబరు అడిగి తీసుకుంది.

మంగలి అంగడికి మళ్ళీ పోవడానికి నాకు మూడు నెలలు పట్టింది. ఇప్పుడు నేను కుర్చీలో కూర్చోగానే అతనే పటిక రాయి తీసి అద్దం వెనక పెట్టేస్తాడు. మొన్న పక్క కుర్చీలో ఉన్న ఎవరో పిల్లోడు "అన్నా, నాకు పెట్టు, మొటిమలున్నాయి" అంటే, "ముందు ఏం పూస్తా ఉండావో చెప్పు" అని అడుగుతున్నాడు.