సెల్ఫ్ తిరుగుతోందా, లేదా?

పెట్రోల్ కారు స్టార్ట్ కావట్లేదనగానే చాలామంది కొత్త బ్యాటరీ కొనేస్తారు. నాలుగు రోజులకు బండి మళ్లీ మొండికేస్తుంది. జేబులో చెయ్యి పెట్టే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: తాళం తిప్పితే సెల్ఫ్ (స్టార్టర్ మోటారు) ఇంజిన్‌ని తిప్పుతోందా, లేదా?

తిరగకుండా టిక్‌టిక్‌మంటుంటే సొలినాయిడ్ (సెల్ఫ్‌కు కరెంటు కలిపే స్విచ్చు) పట్టుకుని వదిలేస్తోంది, చాలినంత కరెంటు అందట్లేదు. రాత్రంతా ఆగిన బండి బ్యాటరీ మీద మల్టీమీటరు పెడితే 12.6 వోల్టులు నిండుగా ఉన్నట్టు, 12.2 సుమారు సగం. అయితే 12.6 చూసి నమ్మేయకండి. అరిగిన బ్యాటరీ కూడా లోడు లేనప్పుడు అంతే చూపించగలదు. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, ఇంకొకర్ని సెల్ఫ్ కొట్టమనండి. అప్పుడు 9.6 కంటే కిందికి జారితే ముందు పూర్తిగా ఛార్జి చేయండి. ఆ తర్వాతా జారితేనే బ్యాటరీని అనుమానించండి.

సెల్ఫ్ కొడుతున్నప్పుడు బ్యాటరీ దగ్గర 11 వోల్టులు నిలబడుతున్నా సెల్ఫ్ ఈడ్చుకుంటూ తిరుగుతోందా? దాదాపు అందరూ సెల్ఫ్ మోటారు విప్పేది ఇక్కడే. దానికంటే ముందు ఎర్త్ (బ్యాటరీ నెగెటివ్‌ను ఇంజిన్‌కు కలిపే దారి) చూడాలి. మీటరు ఒక మొన బ్యాటరీ నెగెటివ్ పోస్టు మీద (క్లాంపు మీద కాదు), రెండోది ఇంజిన్ బ్లాకు మీద పెట్టి సెల్ఫ్ కొట్టించండి. 0.2 వోల్టుల్లోపు రావాలి. అర వోల్టు దాటితే ఎర్త్ తీగ చివర తుప్పో, వదులైన బోల్టో ఉంది. సెల్ఫ్ 150 ఆంపియర్లు లాగేటప్పుడు ఓమ్‌లో నూరోవంతు నిరోధం చాలు, 1.5 వోల్టులు అక్కడే హరించుకుపోతాయి. హెడ్‌లైట్లకు కొద్ది ఆంపియర్లే కావాలి కాబట్టి అవి దివ్యంగా వెలుగుతూ మనల్ని తప్పుదారి పట్టిస్తాయి. గరుకు కాగితంతో లోహం మెరిసేదాకా రుద్ది బిగిస్తే సరి. పాజిటివ్ పోస్టు నుంచి సెల్ఫ్ పెద్ద బోల్టు దాకా అర వోల్టు లోపు నష్టం ఫర్వాలేదు.

టిక్ అని కూడా అనకపోతే, తాళం తిప్పినప్పుడు సెల్ఫ్ చిన్న తీగకు కరెంటు వస్తోందో లేదో చూడండి. వస్తుంటే, ఎర్త్ కూడా బాగుంటే తప్పు సెల్ఫ్‌ది. రాకపోతే రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చు), ఫ్యూజు, ఇగ్నిషన్ స్విచ్ వైపు వెళ్లాలి.

సెల్ఫ్ జోరుగా తిరుగుతున్నా ఇంజిన్ అందుకోకపోతే, తాళం ఆన్ చేసి వెనక సీటు వైపు చెవి పెట్టండి. చాలా బళ్లలో రెండు మూడు సెకన్లు పెట్రోల్ పంపు గుయ్యిమంటుంది. వినపడకపోతే ఫ్యూజు చూసి, పంపు రిలే స్థానంలో అదే నంబరున్న హారన్ రిలే మార్చి పెట్టి చూడండి. ఇమొబిలైజర్ (తాళంలోని చిప్‌ను గుర్తిస్తేనే ఇంజిన్‌ని స్టార్ట్ కానిచ్చే రక్షణ) దీపం మిణుకుమంటుంటే రెండో తాళంతో ప్రయత్నించండి. స్పార్కు, ఇంజెక్షన్ రెండూ ఒకేసారి పోతే నా మొదటి అనుమానం క్రాంక్ సెన్సార్ (ఇంజిన్ తిరుగుతోందని బండి కంప్యూటర్‌కు చెప్పేది) మీదే, ముఖ్యంగా వేడెక్కితే ఆగిపోయి చల్లారాక స్టార్టయ్యే బండిలో. సెల్ఫ్ కొడుతున్నప్పుడు స్కానర్‌లో (బండి కంప్యూటర్‌ని చదివే పరికరం) ఆర్‌పీఎం సున్నా చూపిస్తే అనుమానం బలపడినట్టే. లోపం కోడ్ పడితే సాధారణంగా పి0335.

సెల్ఫ్ మామూలు కంటే వేగంగా, లయ లేకుండా జుయ్యిమని తిరిగితే వెంటనే ఆపండి. టైమింగ్ బెల్టు (పిస్టన్ల కదలికకూ వాల్వులకూ లంకె వేసేది) తెగి ఉండొచ్చు. ఇంకా తిప్పితే చాలా ఇంజిన్లలో వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి.

వరద నీట మునిగిన బండికి ఇవేవీ వర్తించవు, దానికి సెల్ఫే కొట్టకూడదు. సిలిండర్‌లో చేరిన నీరు నొక్కుకోదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. బ్యాటరీ తీగ తీసేసి, ప్లగ్గులన్నీ విప్పి, ఆయిల్ పాలరంగులోకి మారిందేమో చూసి, క్రాంక్ బోల్టుకు స్పానర్ వేసి ఇంజిన్‌ని చేత్తో తిప్పి నీళ్లు బయటికి పంపాకే మిగతా పని.