బజ్జిలో జ ఒత్తు మళ్ళీ పూడిపోయింది

నేను డిజైన్ చేసి అమ్మే టీషర్టుకు కొత్త శాంపిల్ వచ్చింది. నల్ల టీషర్టు, ఛాతీ మీద తెల్ల అక్షరాలతో ‘ఉగ్గాని బజ్జి’. ఉగ్గాని బ్రహ్మాండంగా వచ్చింది. బజ్జే ఈసారి కూడా చెడింది. జ కింద ఒత్తు ఉండాల్సిన చోట సున్నం చుక్క పడినట్టుంది. మా తమ్ముడు చూసి ‘బజి అంటే ఏందన్నా?’ అన్నాడు. కర్నూలులో పుట్టి పెరిగినోడికే అర్థం కాకపోతే ఆ టీషర్టు ఎవరికి అమ్మాలి?

తెల్ల టీషర్టు మీద నల్ల అక్షరాలతో ఇదే డిజైను శుభ్రంగా వచ్చింది. ఆర్డర్లు కూడా వస్తున్నాయి.

నల్లదాని లెక్కలు ఇవీ. ప్రింటు వెడల్పు 11 అంగుళాలు, ఫైలు 300 డీపీఐ (అంగుళానికి 300 పిక్సెళ్ళు), అంటే అడ్డంగా 3300 పిక్సెళ్ళు. మిల్లీమీటరుకు దాదాపు 12 పిక్సెళ్ళు పడతాయి. పాత ఫైలులో ఒత్తు లోపలి సందు 5 పిక్సెళ్ళే, అర మిల్లీమీటరు కూడా లేదు. అది పూడిందంటే ఒప్పుకోవచ్చు. ఈసారి 9 పిక్సెళ్ళు ఇచ్చాను, అంటే 0.76 మి.మీ. చేతికొచ్చాక పక్కన స్కేలు పెట్టి ఫోన్ కెమెరాతో జూమ్ చేసి చూస్తే, అడ్డంగా ఉన్న సందు 0.3 మి.మీ. దాకా మిగిలింది. నిలువుగా ఉన్నది మొత్తం మూసుకుపోయింది. అంటే ఇంకు ఒక్కో అంచు నుంచి అడ్డ సందులో పావు మిల్లీమీటరు దాకా, నిలువు సందులో అంతకంటే ఎక్కువే లోపలికి జరిగింది.

ఎందుకు? మొదటి అనుమానం తెల్ల ఇంకు మీద. డీటీజీలో, అంటే ఇంకును నేరుగా బట్ట మీదే ప్రింట్ చేసే పద్ధతిలో, ముదురు బట్టకు ముందు ప్రీట్రీట్‌మెంట్ ద్రవం కొట్టి, ఆ పైన తెల్ల ఇంకు మందంగా వేస్తారు. ద్రవం తక్కువ పడితే ఇంకు బట్టలోకి ఇంకి పక్కకు పాకుతుంది. ఆ సెట్టింగు మన చేతుల్లో ఉండదు. ప్రింట్ చేసి పంపే కంపెనీని అడిగితే ‘ఆర్ట్‌వర్క్ ప్రాబ్లమ్ సార్’ అని ఒక్క ముక్కతో తేల్చేశారు. ఫోటోలు పంపినా అదే జవాబు.

రెండో అనుమానం అల్లిక మీద, నాకు ఇదే నమ్మబుద్ధవుతోంది. 180 జీఎస్ఎం (చదరపు మీటరుకు 180 గ్రాముల బరువు) కాటన్‌ని దగ్గర నుంచి చూస్తే నిలువు గీతలు కనిపిస్తాయి కదా, స్కేలు పెట్టి లెక్కపెడితే అంగుళానికి 34 వచ్చాయి. ఒక్కో గీత 0.75 మి.మీ. నా సందు కూడా సరిగ్గా అంతే! అది ఒకే గీత మీద పడితే బతుకుతుంది, రెండు గీతల మధ్య పడితే రెండు వైపులా ఇంకు తాకి మూసుకుపోతుంది. నిలువు సందే ఎక్కువ దెబ్బతినడం దీనికి సరిపోతోంది. కనీసం గీతన్నర వెడల్పు, అంటే 13, 14 పిక్సెళ్ళు ఇవ్వాలేమో.

ఫిల్మ్ మీద ప్రింట్ చేసి వేడితో బట్టకు అతికించే డీటీఎఫ్‌కు మారమని చాలామంది అంటారు. అంచులు పదునుగా వస్తాయి, నిజమే. కానీ ఛాతీ మీద ప్లాస్టిక్ అట్ట అతికించినట్టు ఉంటుంది. కర్నూలు మే నెల ఎండలో అది వేసుకుని రాజ్‌విహార్ సెంటర్ దాకా నడిచి చూడమనండి.

ఫాంటు రామభద్రే, మార్చను. ఓపెన్ లైసెన్సు కాబట్టి అమ్మకానికి ఇబ్బంది లేదు, దూరం నుంచి కూడా చదవొచ్చు. మండలి ఫాంటు అందంగా ఉంటుంది గానీ పుస్తకానికి పనికొచ్చే సన్నదనం అది, నల్ల బట్ట మీద నిలవదు. ఉచితంగా దొరికే డిజైను సాఫ్ట్‌వేర్ ఇంక్‌స్కేప్‌లో ఒత్తులు వాటంతటవే సరిగ్గా కూర్చుంటాయి. ఫోటోషాప్‌లో మునుపు టెక్స్ట్ ఇంజిన్ సెట్టింగు మార్చేదాకా ఒత్తులు చెల్లాచెదురుగా ఉండేవి. దానికి నెలనెలా డబ్బు కట్టడం నాకైతే దండగ.

జూన్‌లో తొలకరి పడేలోపు ఇంకో డిజైను సిద్ధం చేయాలి. వాన పడగానే తుగ్గలి, జొన్నగిరి చేలల్లో జనం వజ్రాల కోసం వెతుకుతారు కదా, దాని మీద: ‘వజ్రం దొరికితే చెప్తాలే’. మెరూన్ బట్ట, పసుపు అక్షరాలు. వజ్రంలో ఉన్నది ర ఒత్తు, పూడడానికి లోపల సందే లేదు! వజ్రం చుట్టూ మెరుపు పెట్టాలని ఉంది కానీ సగం పారదర్శకంగా ఉండే పిక్సెళ్ళ కింద తెల్ల ఇంకు పడి బూజు పట్టినట్టు అవుతుంది. హాఫ్‌టోన్ చుక్కలుగా, అంటే దూరం నుంచి లేత రంగులా కనిపించే చిన్న చిన్న చుక్కలుగా మార్చాలి. ఆ చుక్కల మధ్య సందులకూ ఇదే గొడవ వస్తుందేమో.

అందుకే ముందు ఒక పరీక్ష టీషర్టు. నల్లదే, అదే కంపెనీ, అదే 180 జీఎస్ఎం. 9, 11, 13, 15, 17 పిక్సెళ్ళ సందులతో ఐదు ‘జ్జి’లు ఒకదాని కింద ఒకటి, పక్కన ఐదు సైజుల హాఫ్‌టోన్ చుక్కలు. ఫైలు రాత్రికి అప్‌లోడ్ చేస్తాను.